డబ్బా వెనక్కి తిప్పి చూడమనేదాన్ని

డైటీషియన్ అంటే ఆసుపత్రిలో వంటలు చెప్పే ఆవిడ అని గుడిబండెలో మా చుట్టాలు నేను రిటైరయ్యే దాకా అనుకున్నారు. ఇప్పుడూ పెళ్ళిళ్ళలో కనబడితే షుగరుకి ఏ కాయ మంచిదని అడుగుతారు. ఏదో ఒక కాయ పేరు చెప్పి పక్కకి తప్పుకుంటాను.

నేను పనిచేసింది చిక్కబళ్ళాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. మొదట్లో షుగరు రోగులు, కిడ్నీ రోగులు, బాలింతలు వచ్చేవారు. చివరి ఏళ్ళలో మాత్రం బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ తిండి చూడడమే నా పనయింది. బెంగళూరు నుంచి ఒక సర్జన్ వారం వారం వచ్చి ఆ ఆపరేషన్లు చేసేవాడు. చింతామణి, బాగేపల్లి, శిడ్లఘట్ట వైపు నుంచి జనం వచ్చేవారు.

ఈ చదువు చదువుతున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమని పాత స్నేహితురాలు ఒకామె అడిగింది. ఆమె ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ‘వాళ్ళకి కాస్త ధైర్యం వచ్చేలా రాయి’ అంది. ప్రయత్నించాను. ధైర్యం కోసం రాస్తే అబద్ధాలు రాయాల్సి వస్తోంది. అందుకని ఒక్క మనిషికి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా ఉద్యోగం ఏమిటో అందులోనే తెలుస్తుంది.

పిడికెడు పొట్ట

ముందు ఆ ఆపరేషన్ సంగతి. అందులో రకాలున్నాయి. మా సర్జన్ ఎక్కువగా చేసింది, పొట్టను కోసి చిన్న సంచిలా మిగిల్చి, పేగును మళ్ళించి దానికి కుట్టేది. మనిషి తినగలిగేది పిడికెడు. ఆ తిన్నదాంట్లోనూ ఒంటికి పట్టేది తక్కువ. అందుకే బరువు తగ్గుతారు, షుగరు కూడా తగ్గుతుంది. మనిషి మారిపోయినట్టే ఉంటుంది.

కానీ ఒంటికి ప్రోటీన్ అవసరం మాత్రం తగ్గదు. రోజుకి అరవై గ్రాములకి తగ్గకూడదని మేం చెప్పేవాళ్ళం. పిడికెడు పొట్టలో అరవై గ్రాముల ప్రోటీన్ పట్టించడం ఎంత కష్టమో తిని చూస్తేగానీ తెలియదు. మన పల్లెల్లో పప్పన్నం అంటే అన్నమే ఎక్కువ. పప్పుచారు అంటే నీళ్ళే ఎక్కువ. రాగిముద్ద ఒక ఉండ తింటే ఇక వేరేదానికి చోటుండదు. కోడిగుడ్డు, కోడికూర తినేవాళ్ళయితే ఎలాగో గట్టెక్కుతారు. తిననివాళ్ళకి ప్రతి ముద్దా లెక్కే.

అందుకే నేను వాళ్ళకి లేబుళ్ళు చదవడం నేర్పేదాన్ని. నా గదిలో ఖాళీ డబ్బాలు, బిస్కెట్ల కవర్లు ఒక బుట్టనిండా ఉండేవి. వచ్చినవాళ్ళ చేతికి ఒకటి ఇచ్చి వెనక్కి తిప్పమనేదాన్ని. ముందువైపు ఉన్నది అమ్ముకునేవాడి మాట. వెనక ఉన్న చిన్న పట్టిక, చట్టానికి భయపడి రాసిన మాట. అక్కడ ప్రోటీన్ అనే వరస వెతకాలి. ఆ అంకె వంద గ్రాములకా, మనం నిజంగా తినే రెండు చెంచాలకా అని చూడాలి. వంద క్యాలరీలకి పది గ్రాముల ప్రోటీన్ అన్నా ఉంటే మన పొట్టలో దానికి చోటివ్వవచ్చు. ఆ తర్వాత దేంతో చేశారో రాసిన చోట మొదటి పేరు చదవాలి, ఎందుకంటే ఏది ఎక్కువ వేశారో దాని పేరే ముందు రాస్తారు. ‘ప్రోటీన్ బిస్కెట్’ అని పెద్ద అక్షరాలున్న కవర్ వెనక మొదటి పేరు మైదా, రెండోది చక్కెర. బలం వస్తుందని పిల్లలకి కలిపే పొడి డబ్బా మీద అంకె బాగానే కనిపిస్తుంది. కింద చీమల్లాంటి అక్షరాల్లో ‘పాలతో కలిపి’ అని ఉంటుంది. ఆ ప్రోటీన్‌లో చాలా భాగం పాలది, డబ్బాది కాదు.

ఇంతా చెప్పి, ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయన్న సంగతి మరిచిపోకండి. ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడే మనిషి చేతిలో ఆ డబ్బా పెడుతున్నాం.

నాగవేణి

నాగవేణి చింతామణిలో ప్రొవిజన్ స్టోర్ వాళ్ళ కోడలు. కోమట్ల ఇల్లు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. వయసు నలభైకి దగ్గర. మోకాళ్ళు పట్టేసి, షుగరు పెరిగి, పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోయే స్థితిలో వచ్చింది. వెంట భర్త శ్రీనాథ్, అత్తగారు రత్నమ్మ వచ్చారు. రత్నమ్మ కుర్చీలో కూర్చుంది. నాగవేణి పట్టే కుర్చీ నా గదిలో లేకపోతే బయట ఉన్న బెంచీని శ్రీనాథ్ లోపలికి లాక్కొచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. నేను సిగ్గుపడ్డాను, ఆమె పడలేదు.

‘నాకు అలవాటే మేడమ్. బస్సులో గూడా ఇద్దురు లేసి నాకు చోటిస్తారు’ అంది.

ఆపరేషన్ ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నావని అడిగాను. అందరూ షుగరనో, మోకాళ్ళనో చెబుతారు.

‘వాకిట్లో కూసోని ముగ్గెయ్యాలని ఉండాది మేడమ్. వంగేదానికి అయ్యేలేదు. పనామె యేస్తాది, వంకర టింకరగా’ అంది.

ఇల్లు గుడ్డు కూడా తినని ఇల్లని విన్నాక నేను సర్జన్ దగ్గరికి వెళ్ళాను. పేగు మళ్ళించే ఆపరేషన్ ఈమెకి ప్రమాదమేమో, పొట్ట మాత్రమే చిన్నది చేసేది సరిపోదా అని అడిగాను. ఆయన మంచి చేయి ఉన్నవాడు. ఆపరేషన్ బల్ల దగ్గర ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. చేతి పని అయిపోయాక మనిషి మీద ఆసక్తి అయిపోతుంది, అదీ ఆయన లోపం. షుగరు తగ్గాలంటే ఇదే మంచిదని కన్నడంలో చెప్పాడు. ‘తిండి సంగతి మీరున్నారు కదా’ అని నవ్వాడు. అది గౌరవమనుకోవాలో తప్పించుకోవడమనుకోవాలో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలలు గడిచేకొద్దీ నాగవేణి కరిగిపోయింది. ఆమె దగ్గర ఒక గుణం ఉండేది, చెప్పింది చెప్పినట్టు చేసేది. ముందు ప్రోటీన్ ఉన్నది తిను, తర్వాతే అన్నం అంటే అలాగే తినేది. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దంటే చెంబు పక్కకి జరిపేసేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేది. కొన్నాళ్ళకి అదీ అవసరం లేకపోయింది. ప్రోటీన్ అన్న మాటని ముఖం చూసి మనిషిని గుర్తుపట్టినట్టు పట్టేసేది.

కొట్లో

ఒక ఆదివారం పని మీద చింతామణి వెళ్ళి, వాళ్ళ కొట్టుకి పోయాను. శ్రీనాథ్ స్టూలు వేసి కాఫీ తెప్పించాడు. నాగవేణి నన్ను అరల మధ్యకి తీసుకుపోయింది. ఇద్దరం ఒక్కో డబ్బా తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాం.

‘ఇన్నేండ్లు ఈ డబ్బాల దుమ్ము తుడిస్తి మేడమ్. ఒక్కనాడూ తిప్పి చూడలే’ అని నవ్వింది.

అంత పెద్ద కొట్టులో ఆమె తినదగ్గవి ఎన్నో లేవు. అదే నాకు బాధనిపించింది. లేబుల్ చదవడం వచ్చినంత మాత్రాన అరలో మంచిది ఉండాలని లేదు కదా. అందరి కళ్ళూ పడే అరల్లో బిస్కెట్లు, చిప్స్, బలం పొడులు. కింది అరలో మూలకి మీల్ మేకర్ పొట్లాలు, కొవ్వు తీసిన పాలపొడి కనబడ్డాయి. పాలపొడి సంచి మీద దుమ్ము పట్టి ఉంది. నాగవేణి కొంగుతో తుడిచి, వెనక్కి తిప్పి, వేలు పెట్టి వరస వెతికింది.

‘మేడమ్, దీంట్లో ముప్పై దాటిండాది’ అంది. బంగారం దొరికినట్టు దాన్ని రొమ్ముకి ఆనించుకుంది.

ఆ పొడిని మజ్జిగలో కలుపుకునేది. పెరుగుని గుడ్డలో కట్టి నీళ్ళు వార్చి గట్టి పెరుగు తినేది. ఉలవలు, శనగలు మెత్తగా ఉడికించి, నీళ్ళు పోసి పలచన చెయ్యకుండా తినేది. నిజానికి మన దగ్గరున్న మంచి తిండికి లేబులే ఉండదు. కానీ ఆమె పొట్టకి అవి ఒక్కటే చాలవు. మీల్ మేకర్ కావాలి. దాన్ని రత్నమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. నానబెడితే మాంసం వాసన వస్తుందని, చూడ్డానికీ అలాగే ఉంటుందని ఆమె బాధ. నాగవేణి గొడవ పడలేదు. కొట్టు వెనక గదిలో చిన్న స్టవ్ పెట్టుకుని, అక్కడే ఉడికించుకుని తినేది.

ఆ సంవత్సరం ఆమె నా గదికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి చెప్పేది. ఒకసారి మామూలు కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళకి ముగ్గుపిండి అంటుకుని ఉంది. కడుక్కోకుండానే బస్సెక్కి వచ్చింది. నాకు ఈ ఉద్యోగంలో దక్కిన సంతోషాల్లో అది పెద్దది.

మేడ మీదికి

చదవడం వచ్చిన మనిషి ఊరుకోలేదు. అక్కడే ఆమెకి కష్టం మొదలైంది.

ఎవరో ముసలామె మనవరాలి కోసం బలం పొడి డబ్బా అడిగింది. గల్లా దగ్గర ఉన్న నాగవేణి ‘దీంట్లో సగం చక్కెరే ఉండాదవ్వా. దీనికి బదులు వేయించిన శనగలు తీసుకోని పో’ అంది. ఇంకొకరు బిస్కెట్లు అడిగితే ‘మైదా అప్పా అది’ అంది. కొందరు సంతోషించారు. కొందరు ఏమీ కొనకుండా పోయారు. ఆ పొడి కంపెనీ తరఫున సరుకు వేసే మనిషి విని, ఇదేమిటని శ్రీనాథ్‌ను అడిగాడు.

శ్రీనాథ్ చెడ్డవాడు కాదు. ఆపరేషన్ తర్వాత భార్యకి తన చేత్తో చెంచా చెంచా నీళ్ళు పట్టినవాడు. ఆమెను కొట్లో కూర్చోవద్దన్న సంగతి, ఒకసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు తనే నాకు చెప్పాడు.

‘కొట్టు పెట్టింది అమ్మేదానికి కదా మేడమ్. కొనొద్దని చెప్తాంటే యెట్ల? ఇంగ కొన్నాళ్ళు ఇంట్లో ఉండని, రెస్టు దొరుకుతాది.’

‘ఆమె తిండి కొట్లో వండుకుంటోంది శ్రీనాథ్‌గారూ. అది ఆగకుండా చూడండి’ అన్నాను.

‘అమ్మ చూసుకుంటాది లే మేడమ్.’

నాగవేణి కొట్టు పైన, మేడ మీద ఇంట్లో ఉండిపోయింది. స్టవ్ పోయింది, మీల్ మేకర్ పోయింది. కోడలు తినేది చాలడం లేదని రత్నమ్మ ప్రేమతో బలం పొడి కలిపి ఇచ్చింది. అందులో ఏముందో తెలిసీ అత్తగారి మాట కాదనలేక నాగవేణి తాగింది. ఆ తీపి పొట్టలో పడితే కళ్ళు తిరిగి, వాంతి అయ్యేది. వాంతి అవుతుందని ఇడ్లీ ముక్క, గంజి, పలచటి చారు పెట్టేవారు. అందులో ప్రోటీన్ ఎక్కడిది?

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట్లో రోగులకి ఫోన్ చేసి కనుక్కునే పద్ధతి మా ఆసుపత్రిలో ఉండేది. కొత్త రోగుల్ని తేవడమే ముఖ్యమని మేనేజ్‌మెంట్ దాన్ని తీసేసింది. పిల్లలూ, మీరు ఎక్కడ చేరినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఆపరేషన్ అయిన ఏడాదికి ఆ రోగిని ఎవరు పలకరిస్తారు? సరైన జవాబు రాకపోతే అక్కడ చేరకండి. ఎక్కడా సరైన జవాబు రాకపోవచ్చు. అదీ చెప్పి పెడుతున్నాను.

నేను నా ఫోన్ నుంచి కొందరికి చేసేదాన్ని. అలా ఒకరోజు శ్రీనాథ్‌కి చేశాను.

‘బాగుండాది మేడమ్. మళ్ళా కొంచెం ఒళ్ళు వస్తాంది, అంతే’ అన్నాడు.

నాకు నచ్చలేదు. ‘వెంటనే పంపించండి, నేను చూడాలి’ అన్నాను.

వాళ్ళు మాట విన్నారు. వచ్చారు. ఆ రోజు నన్ను బాగేపల్లిలో ఆసుపత్రి పెట్టిన క్యాంపుకి పంపారు. కొత్తవాళ్ళ బరువులు చూసి, ఆపరేషన్ అవసరమా కాదా చెప్పే క్యాంపు. పొద్దున్నే చెప్పి, వ్యాను ఎక్కించారు. చిక్కబళ్ళాపురంలో నాగవేణిని సర్జన్ ఒక్కడే చూశాడు. బయట వరండా నిండా జనం. కాటా మీద నిలబెట్టారు. పోయినసారి కంటే బరువు ఎక్కువ ఉంది.

ఆయన అన్నమాట నాకు నాగవేణే చెప్పింది. ‘ఇంత కష్టపడి చేస్తే మళ్ళీ లావవుతున్నావేమమ్మా, నోరు కట్టుకో’ అన్నాడట. కాళ్ళ కేసి చూడలేదు. చీర కుచ్చిళ్ళ కింద ఉన్న కాళ్ళు చూడడానికి ఆయనకి తీరిక లేదు.

చెప్పింది చెప్పినట్టు

బాగేపల్లి నుంచి తిరిగొచ్చాక, వాళ్ళు వచ్చి వెళ్ళారని నర్సు చెప్పింది. శ్రీనాథ్‌కి ఫోన్ చేశాను. ముఖం ఉబ్బిందా, కాళ్ళు ఉబ్బాయా, జుట్టు రాలుతోందా అని అడిగాను. అది కొవ్వు కాకపోవచ్చు, ప్రోటీన్ లేక ఒంట్లో నీరు చేరుతుందని చెప్పాను. తిండి తగ్గించొద్దన్నాను.

‘పెద్ద డాక్టరు తగ్గించమనె. మీరు తగ్గించొద్దంటారు. యెవురి మాట ఇనాల మేడమ్ మేము?’ అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మర్నాడే సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పాను. రక్తపరీక్ష రాయమన్నాను. తరవాతిసారి వచ్చినప్పుడు చూద్దామన్నాడు. ‘ఎదురు మాట్లాడి పేషెంట్లని గందరగోళంలో పెట్టకండి’ అని కూడా అన్నాడు. ఆ మాట తర్వాత నాతో తక్కువ మాట్లాడాడు.

శ్రీనాథ్ మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. సెలవు దొరికిన రోజు చింతామణి బస్సెక్కాను. కొట్లో అతను లేడు, సరుకు కోసం వెళ్ళాడన్నారు. మేడ ఎక్కాను. రత్నమ్మ తలుపు తీసింది.

‘రాండమ్మా. కోడలు పండుకోనుండాది. ఒక వారమయ్యె, లేసేది లేదు’ అంది.

నాగవేణి మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. నడినెత్తిన చర్మం కనబడుతోంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. కాళ్ళు చూశాక నేను చూడాల్సింది ఇంకేమీ లేదు. మోకాళ్ళ కింద చర్మం సాగి నిగనిగలాడుతోంది. ఎడమ మడమ మీద చెప్పు కరిచిన పుండు, మానలేదు.

‘ఏం తింటున్నావ్ నాగవేణీ?’

‘పొద్దున మజ్జిగ, నీళ్ళగా. మధ్యాన్నం సగం ఇడ్లీ. రాత్రి ఏమీ లేదు మేడమ్, నోరు కట్టుకోనుండా’ అంది. ఇంకా లావవుతున్నానని, అందుకని ఇడ్లీ కూడా మానేద్దామనుకుంటున్నానని చెప్పింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

‘నీకు తెలుసు కదమ్మా, ఏం తినాలో. అన్నీ చదివావు కదా.’

‘చదివింది మీరు చెప్పిండేదే. కానీ ఆయన కోసిండే డాక్టరు కదా మేడమ్. లోపలుండేది చూసిండేది ఆయనే’ అంది.

  ఆమె చెప్పిన మాట వినే మనిషి. మా ఇద్దరిలో పెద్దవాడి మాట విన్నది.

శ్రీనాథ్‌ను పిలిపించి ఆ పూటే బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కారులో నాగవేణి తల నా భుజం మీద ఉంది. హొసకోటె దాటాక దాహమంది. చెంచాతో నీళ్ళు పట్టాను. రక్తంలో ప్రోటీన్ అడుగంటిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. సెలైన్ లాగా ప్రోటీన్ ఎక్కించారు, ముక్కులో గొట్టం వేశారు. వాపు తీసింది. వాపు తీసేసరికి ఆమెలో నిజంగా మిగిలింది ఎంతో కనబడింది. శ్రీనాథ్ చూడలేక వరండాలోకి వెళ్ళిపోయాడు.

‘ఇంత సన్నమయిందా మేడమ్? మేము లావయితాందని అనుకుంటిమే’ అన్నాడు, వెనకే వెళ్ళిన నాతో. 

కోలుకుంటుందనే అనుకున్నాం. కళ్ళు తెరిచి మాట్లాడింది కూడా. కొట్టు ఎవరు చూస్తున్నారని అడిగింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు. నేను డ్యూటీలో ఉండగా శ్రీనాథ్ ఫోన్ చేసి, పోయిందని చెప్పాడు. ఎదురుగా ఒక రోగి కూర్చుని ఉంది. చేతిలో బిస్కెట్ల కవరు ఉంది. నేను ఏం చెబుతూ ఆపానో గుర్తులేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ తర్వాత

సర్జన్‌కి చెప్పాను.  ‘ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు’ అన్నాడు. అది నిజమే. మేనేజ్‌మెంట్‌ని ఫోన్లు మళ్ళీ మొదలుపెట్టమని అడిగాను. చూద్దామన్నారు. నేను రిటైరయ్యే దాకా చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత కూడా ఆపరేషన్లు జరిగాయి. చాలామంది బాగున్నారు, అది కూడా రాయాలి. మంచేనహళ్ళి వైపు పాల డెయిరీ నడిపే ఒకాయన ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడట. ఇలాంటివి విన్నప్పుడు సంతోషపడాలని చూస్తాను.

మీరు లేబుళ్ళు నేర్పండి. మానొద్దు. అది తప్ప మన చేతిలో ఉన్నది తక్కువ. కానీ ఒక మనిషికి చదవడం నేర్పితే సరిపోతుందని మాత్రం నమ్మకండి. ఆ మనిషి తినేది ఇంకొకరు వండుతారు. ఎంత తినాలో ఇంకొకరు చెబుతారు. లావెంతో సన్నమెంతో ఇల్లంతా కలిసి తేలుస్తుంది. మీరు ఒక్కరితో మాట్లాడి, మిగతావాళ్ళని వరండాలో కూర్చోబెడతారు. మీ గది అంత చిన్నది. మీకిచ్చే సమయం అంత తక్కువ. దాన్ని మార్చగలరేమో చూడండి. నేను మార్చలేకపోయాను, మారుతుందన్న ఆశ కూడా ఇప్పుడు నాకు పెద్దగా లేదు.

నేను ఉద్యోగం వదిలే ముందు వేసవిలో రత్నమ్మ నా గదికి వచ్చింది. ఒక్కతే చింతామణి నుంచి బస్సులో వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ చివర కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

‘ఒక మాట అడగాలని వస్తినమ్మా. ఆమె కాళ్ళు చూసి నేనే అంటి, మళ్ళా లావయితాండావు, తినేది తగ్గించు అని. డాక్టరు చెప్పేదానికి ముందే అంటి. వాసిండేదా, లావయిండేదా అని తెలుసుకునేది యెట్ల? దానికి ఏమన్నా మిషనుండాదా?’

‘మిషనేమీ అక్కర్లేదమ్మా’ అన్నాను.

‘మరి యెట్ల?’

చెప్పకుండా ఉండాలనుకున్నాను. ఆమె నా ముఖం కేసే చూస్తోంది. అందుకని చెప్పాను. బొటనవేలితో కాలి ఎముక మీద గట్టిగా నొక్కి, తీసి చూడాలి. లావైతే చర్మం వెంటనే మామూలవుతుంది. నీరైతే గుంట పడి, అలాగే ఉండిపోతుంది.

రత్నమ్మ చీర కొంచెం పైకి తీసి, తన కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది. చర్మం మామూలుగానే ఉంది.

‘ఇంతేనా?’ అంది.

‘ఇంతేనమ్మా.’

మళ్ళీ నొక్కింది. చూసింది. ఇంకొంచెం కిందకి జరిపి, ఇంకోసారి నొక్కింది. బయట నర్సు తరవాతి పేరు పిలుస్తోంది. రత్నమ్మ లేవలేదు, నేను లెమ్మనలేదు.